నాన్న ఎలా పోయాడు?

2004వ సంవత్సరం. పశ్చిమ గోదావరి డెల్టాలో కాలవ గట్టునున్న ఓ ఊరు. పెద్దకర్మ అయిపోయి నెల దాటింది. వరండా గోడకి దండ వేసిన ఫొటో. దాని కింద నులక మంచం మీద ఆ ఇంటి ఇల్లాలు. ఎదురుగా పీట మీద, ఒళ్లో కాయితాల కట్టతో ఆరోగ్య కార్యకర్త.

"మనిషే పోయాక ఇంకేం రాసుకుంటావమ్మా?"

"నాలుగు మాటలేనండి. ఆఖర్లో జ్వరం వచ్చిందాండి?"

"జ్వరం లేదు, దగ్గు లేదు. మనిషి రాయిలా ఉండేవాడు. తెల్లారగట్ట చేలోకి బయల్దేరతా చెంబు చేత్తో పట్టుకున్నాడు. జారి కింద పడిపోయింది. వంగి తీసుకుందామంటే చెయ్యి లేవలేదు."

"ఏ చెయ్యండి?"

"కుడి చెయ్యి. కాలు కూడా అటుపక్కదే."

"మాట?"

"ముద్దగా వచ్చింది. నన్ను పిలవబోయాడు, పేరు పలకలేకపోయాడు. మూతి ఒక పక్కకి లాగేసింది. మూడో రోజు పొద్దున్న పోయాడు."

గుమ్మంలో నిలబడ్డ ఇరవై ఆరేళ్ల కొడుకు అందుకున్నాడు. "గాలి సోకిందన్నారండి. ఆర్‌ఎంపీ ఇంజక్షన్ చేశాడు. పట్నం తీసుకెళ్లేలోపే..."

ఆ అమ్మాయి తల వంచుకుని రాసుకుంది. జ్వరం లేదు. హఠాత్తుగా వచ్చింది. ఒక పక్క చచ్చుబడింది. మాట పోయింది. మూడు రోజులు. ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, తరవాతి ఇంటికి వెళ్లింది.

ఈ కథలో మనుషులకి పేర్లు పెట్టలేదు. ఆ ఇల్లు, ఆ మాటలు, ఇంట్లోవాళ్ల ఒంటి లెక్కలు అక్కడి పని తీరును బట్టి నేను కూర్చుకున్నవి. కాయితాల కట్ట మాత్రం నిజం. అది తిరిగిన ఊళ్లూ నిజం.

ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అని ఒక ప్రయత్నం జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్, మరి కొన్ని సంస్థలు కలిసి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో సుమారు 1,80,000 మంది జనాభాని తీసుకుని, ఏడాది పాటు అక్కడ జరిగిన చావులన్నీ నమోదు చేశాయి. మొత్తం 1,354. ఆస్పత్రిలో పోయినవాడికైతే కేసు షీటు ఉంటుంది. ఇంట్లో, మంచం మీద, చేలో పోయినవాడికి ఏముంటుంది? ఇంట్లోవాళ్ల జ్ఞాపకం ఉంటుంది. అందుకే శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి 'ఎలా పోయారు' అని అడిగారు. ఆ జవాబుల్ని డాక్టర్లు చదివి, చావుకి కారణం ఏమై ఉంటుందో తేల్చారు.

2006లో ఆ లెక్క అచ్చయింది. అప్పటిదాకా పల్లెటూరి చావంటే అందరి మనసులోనూ విషజ్వరం, క్షయ, వాంతులు, విరేచనాలు మెదిలేవి. ఆ 45 ఊళ్లలో అంటురోగాల వాటా 12 శాతం. ప్రమాదాలు, ఆత్మహత్యల వంటివి 13 శాతం. గుండె, రక్తనాళాల జబ్బులు ఏకంగా 32 శాతం. అందులో గుండెపోటుదీ పక్షవాతానిదీ దాదాపు సమాన వాటా. గాలి సోకిందని, దిష్టి తగిలిందని, దేవుడు చల్లగా తీసుకుపోయాడని ఊరు చెప్పుకున్న చావుల్లో మూడో వంతు దాకా లోలోపల ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన జబ్బువే.

ఆ తరవాత అదే బృందం 20 గ్రామాల్లో ముప్పై ఏళ్లు నిండినవాళ్ల రక్తం పరీక్షించింది. నూటికి 13 మందికి పైగా షుగర్ ఉంది. వాళ్లలో సగానికి సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

కాయితాల మీద ఇది పెద్ద విషయం. మన వరండాలో మాత్రం ఏ మార్పూ లేదు. ఆ జవాబు చెప్పిన ఆవిడ పొద్దున్నే లేచి దొడ్డి ఊడ్చుకుంది. కొడుకు చేలోకి వెళ్లాడు. తండ్రి ఎందుకు పోయాడో చదివినవాళ్లకి తెలిసింది. ఆ తండ్రి నెత్తురు పంచుకుని పుట్టినవాడికి తెలియలేదు.

ఇరవై ఏళ్లు దాటాయి. చేలు చాలావరకు చేపల చెరువులయ్యాయి. మిగిలిన వరి చేలో కోత మిషను దిగుతోంది. కొడుక్కిప్పుడు నలభై ఏడు. చెరువుకి మోటారు సైకిల్ మీద వెళ్తాడు, గట్టు మీద కుర్చీ వేసుకుని మేత లెక్క చూసుకుంటాడు, మధ్యాహ్నం భోజనంలో ఉప్పుచేప లేకపోతే ముద్ద దిగదంటాడు. తండ్రి నాగలి వెనక నడిచినంత దూరం ఇతను ఏడాది మొత్తం మీద నడుస్తాడో లేదో. చొక్కా కింద పొట్ట కాస్త ముందుకొచ్చింది. ఊళ్లో అది కలిసొచ్చినవాడి గుర్తు.

ఆ వరండా మెట్లెక్కింది ఆశా కార్యకర్త. సంచిలో ఫారాలు, పెన్ను, బట్టలు కుట్టేవాళ్లు వాడేలాంటి కొలత టేపు. ఈ ఊరి కోడలే. ఆశాగా సాధారణంగా ఆ ఊరి కోడళ్లనే తీసుకుంటారు, పెళ్లయి వేరే ఊరు వెళ్లిపోకుండా ఉంటారని. అందులో మేలుంది. అందరూ తెలిసినవాళ్లే, ఏ ఇంటి తలుపైనా తీసే ఉంటుంది. ఇబ్బందీ అక్కడే ఉంది. ఇంటి పెద్దమనిషి ఆవిడకి వరసకి బావగారు. బావగారి ఎదురుగా కుర్చీలో కూర్చోవడానికే మొహమాటపడే పద్ధతి మనది. ఆయన నడుముకి టేపు చుట్టడం ఎలా?

ఆవిడ దగ్గర దానికో ఉపాయం ఉంది.

"అక్కా, ఓసారి ఇటు రా. టేపు నువ్వు పట్టుకో, అంకె నేను చూస్తాను."

వంటింట్లోంచి తడి చేతులు తుడుచుకుంటూ ఆయన భార్య వచ్చింది. కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్య టేపు చుట్టాలని ఆశా చూపించింది.

"ఊపిరి వదిలెయ్యండి బావగారూ. పొట్ట లోపలికి లాక్కోకండి."

"లాక్కోలేదమ్మా."

"లాక్కున్నాడే," అంది భార్య, టేపు సర్దుతూ.

తొంభై ఆరు సెంటీమీటర్లు.

ఇక్కడ ఆ ఫారం గురించి చెప్పాలి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా నింపాల్సిన ప్రశ్నపత్రం అది. రక్తం తీయక్కర్లేదు, మిషను అక్కర్లేదు. వయసెంత, పొగాకు వాడతారా, రోజూ మందు తాగుతారా, నడుము ఎంత, వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు అలిసే పని చేస్తారా, ఇంట్లో తల్లిదండ్రులకిగాని తోడబుట్టినవాళ్లకిగాని బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా. ఒక్కోదానికి కొన్ని మార్కులు. అన్నీ కలిపి నాలుగు దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షకి పంపాలి. ముప్పై దాటినవాళ్లందరికీ ఎలాగూ పరీక్ష చెయ్యాలి, కానీ వెయ్యి మంది ఉన్న ఊళ్లో ముందు ఎవరి తలుపు తట్టాలో ఈ అంకె చెబుతుంది. మద్రాసులో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో షుగర్ ముప్పుకి ఇలాంటి లెక్కే తయారుచేసింది. వయసు, నడుము, శ్రమ, తల్లిదండ్రుల చరిత్ర అనే నాలుగింటికీ కలిపి నూరు మార్కులు పెట్టి, అరవై వచ్చినా దాటినా ప్రమాదం ఎక్కువన్నారు. సూది గుచ్చకుండా, పైసా ఖర్చు లేకుండా మనిషి లోపలికి తొంగి చూసే పద్ధతులివి. నాకు వీటి మీద గొప్ప గౌరవం.

అయితే ఈ పద్ధతి నిలబడేది అడిగే తీరు మీద.

"వయసు నలభై ఏడు. రెండు. బీడీ కాలుస్తారా బావగారూ?"

"మానేశానమ్మా. ఎప్పుడైనా చెరువు దగ్గర, రాత్రి కాపలాకి ఉంటే."

"అప్పుడప్పుడు. ఒకటి. మందు?"

"పండక్కీ పబ్బానికీ. రోజూ కాదు."

"సున్నా. నడుము తొంభై ఆరుకి ఒకటి. పని?"

"చెరువు గట్టు మీద తిరుగుతూనే ఉంటాను కదా."

ఆవిడ ఒక క్షణం ఆగింది. మోటారు సైకిల్ వాకిట్లోనే ఉంది. అయినా ఆయన చెప్పిందే రాసుకుంది. సున్నా.

"నాన్నగారికి బీపీగాని షుగర్‌గాని ఉండేవాండి? గుండెజబ్బు?"

"లేవు. ఆయన జన్మలో ఆస్పత్రి మెట్లెక్కలేదు."

సున్నా. రెండూ ఒకటీ ఒకటీ కలిపితే నాలుగు. నాలుగు దాటితేనే ముందు వరస. ఈయనది సరిగ్గా నాలుగు. ఫారం సంచిలో పెట్టుకుని లేస్తే అయిపోతుంది. ఇంకా పదకొండు ఇళ్లు ఉన్నాయి. పరీక్షలకి ఈయన వంతు ఎప్పటికో వస్తుంది.

ఆవిడ లేవలేదు. మన పల్లెల్లో 'లేదు' అనే మాటకి రెండు అర్థాలున్నాయి. జబ్బు లేదని ఒకటి, ఎవరూ చూడలేదని ఒకటి. ఆస్పత్రి మెట్లెక్కని మనిషికి బీపీ లేదని ఎవరు చెప్పారు? ఇన్నేళ్ల పనిలో ఆవిడకి పట్టుబడిన సంగతి ఇది. పుస్తకంలో ఉన్న ప్రశ్నని పక్కన పెట్టి వేరేలా అడిగింది.

"మరి, మావయ్యగారు ఎలా పోయారండి?"

ఆయన ఏదో చెప్పేలోపు, వరండా మూల నులక మంచం మీంచి ముసలావిడ గొంతు.

"చెంబు జారిపోయింది."

అందరూ అటు తిరిగారు. ఆవిడకి డెబ్బై దాటాయి. చూపు ఆనదు. కానీ ఆ పొద్దు ఆవిడ కళ్ల ముందు చెక్కు చెదరలేదు. కుడి చెయ్యి లేవలేదని, మూతి పక్కకి పోయిందని, మూడో రోజు పోయాడని ఇరవై ఏళ్ల కిందట చెప్పిన మాటలే, అదే వరసలో చెప్పింది. చెప్పి, "అప్పుడూ ఒకమ్మాయి వచ్చి రాసుకుపోయింది" అంది.

ఫారంలో బీపీ, షుగర్, గుండెజబ్బు అని ఉంది. పక్షవాతం అన్న మాట లేదు. ఆశా వాకిట్లోకి వెళ్లి ఏఎన్‌ఎంకి ఫోన్ చేసింది. అటునుంచి జవాబు తడుముకోకుండా వచ్చింది. "పక్షవాతం వెనక చాలామందికి బీపీయే ఉంటుందమ్మా. ఉంది అని రాసి పంపించు."

ఉంది. రెండు మార్కులు. మొత్తం ఆరు.

పల్లెటూరి మనుషుల్లో ముప్పు ఎవరికుందో కనిపెట్టడం యంత్రాల పని అనుకుంటాం. యంత్రం తరవాత వస్తుంది. దానికి ముందు, నొప్పి లేని మనిషిని, నవ్వుతూ తిరుగుతున్న మనిషిని, అతని చనిపోయిన తండ్రి గురించి అడగగలిగిన మనిషి ఒకరు కావాలి. ఆ ప్రశ్న బయటివాళ్లు అడిగితే అపశకునం. కోడలు అడిగితే ఇంటి మాట.

మర్నాడు విలేజ్ క్లినిక్‌కి వచ్చాడు, భార్య వెంట పడితే. వస్తూనే చెయ్యి చాపాడు. అక్కడి సిస్టరు ముందు కూర్చోమంది. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా, మాట్లాడకుండా. అరగంటలోపు టీగాని బీడీగాని తాగలేదు కదా అని అడిగింది. పట్టీ చేతికి చుట్టి గాలి కొట్టింది.

172/106.

కాసేపాగి మళ్లీ చూసింది. 168/104. పై అంకె 140గాని కింది అంకె 90గాని అయినా, అంతకు మించినా బీపీ కిందే లెక్క. వేలి చివర సూది గుచ్చి చుక్క రక్తం స్ట్రిప్ మీద పెట్టింది. 238. తిని వచ్చాడు కాబట్టి దీన్నిబట్టే షుగర్ అని తేల్చరు. 140 దాటినవాళ్లని ఖాయం చేసుకోవడానికి పీహెచ్‌సీకి పంపుతారు. అక్కడ పరగడుపున చేసిన పరీక్షలో 126 అయినా, అంతకు మించినా షుగరే. ఈయనది 161.

"నాకు నొప్పేం లేదే!" అన్నాడు ఆయన. గొంతులో కోపం ఉంది. తనని ఎవరో మోసం చేస్తున్నారన్నట్టు.

ఆ కోపం న్యాయమైనదే. మన పెద్దవాళ్లు ఒంటిని నమ్ముకుని బతికారు. ఒంట్లో ఏదైనా తేడా చేస్తే ఒళ్లే చెబుతుందన్నారు. జ్వరమొస్తే కాలుతుంది, దెబ్బ తగిలితే నొస్తుంది. ఈ రెండు జబ్బులూ ఆ కట్టుబాటుని పాటించవు. చెప్పాపెట్టకుండా ఏళ్ల తరబడి రక్తనాళాల గోడల్ని పాడుచేస్తాయి. చెప్పేనాటికి చెంబు జారిపోతుంది.

ఇలాంటివాళ్లు కొద్దిమందేం కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేసిన సర్వే 2023లో వచ్చింది. పెద్దవాళ్లలో 11.4 శాతానికి షుగర్, మరో 15.3 శాతం దాని అంచున, 35.5 శాతానికి బీపీ. మనుషుల లెక్కలో బీపీ ఉన్నవాళ్లు 31 కోట్ల పైచిలుకు.

పీహెచ్‌సీ డాక్టరు బీపీకి ఆమ్లోడిపిన్, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ రాశాడు. నెలకి సరిపడా మాత్రలిచ్చారు. ఆశా ఫోన్‌లో గుర్తు పెట్టుకుంది, నెల తిరిగేసరికి మళ్లీ వెళ్లాలని.

కథ ఇక్కడ ఆపేస్తే అందరికీ హాయిగా ఉంటుంది. దొరకబుచ్చుకున్నారు, మందిచ్చారు. కానీ అది అబద్ధమవుతుంది.

ఇదే పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో, స్మార్ట్‌హెల్త్ అనే పేరుతో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మరో ప్రయత్నం చేశారు. ఆశాల చేతికి ట్యాబ్‌లిచ్చారు. నలభై నిండినవాళ్ల వివరాలు, బీపీ కొలత అందులో పెడితే, గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎవరికి ఎక్కువో అది లెక్కగట్టేది. పదో తరగతి దాకా చదివిన ఆశాలు ఆ పని చక్కగా చేశారు. మనుషుల్ని వెతికి పట్టుకున్నారు. 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. ముప్పు ఎక్కువున్నవాళ్లలో బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల నిష్పత్తి చూస్తే, ఈ ఏర్పాటు ఉన్న ఊళ్లకీ లేని ఊళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

నేను ఆ ఫలితాన్ని ఓటమిగా చదవను. అది చేతికందించిన నిజం. వాకిట్లో మనిషిని గుర్తించడం మొదటి మెట్టు. రెండో మెట్టు మీద డాక్టరుండాలి, మూడో మెట్టు మీద మాత్రలుండాలి, ఆపైన ప్రతి నెలా అదే మెట్లు మళ్లీ ఎక్కే ఓపిక ఉండాలి. ఒక్క మెట్టు విరిగినా కింద పడేది ఆ మనిషే. ఫారాలెన్ని నిండాయన్న లెక్క సంబరంగా చెప్పుకునే చోట, ఆ నిండిన ఫారాల్లో ఎందరి బీపీ 140 లోపుకి దిగిందని కూడా అడగాలి. తెలంగాణతో సహా అయిదు రాష్ట్రాల్లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం ఆ రెండో లెక్కనే గట్టిగా పట్టుకుంది. ఒకే చికిత్స పద్ధతి, నెలకి సరిపడా మందు, రోగి రాకపోతే ఫోన్ చేసి పిలవడం. అందులో కొత్త వైద్యం ఏమీ లేదు. విడిచిపెట్టకపోవడం ఒక్కటే ఉంది.

మన వరండాకి తిరిగొద్దాం. నెల తిరిగింది. ఆశా వచ్చి మాత్రల అట్టలు చూపించమంది. భార్య తెచ్చి ఇచ్చింది. పన్నెండు మాత్రలే వాడాడు, మిగిలినవి అలాగే ఉన్నాయి.

"బాగానే ఉందమ్మా ఇప్పుడు. అందుకే ఆపేశాను," అన్నాడు ఆయన.

"మందు వేసుకోకముందు కూడా బాగానే ఉన్నారు కదా బావగారూ."

ఆయనకి జవాబు తోచలేదు. ముసలావిడ మంచం మీంచి లేచింది. గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, ఆశా చేతిలోని అట్ట తీసుకుని, వేళ్లతో తడిమి ఒక మాత్ర నొక్కి బయటికి తీసింది. కొడుకు చేతిలో పెట్టింది. ఏమీ అనలేదు. భార్య మంచినీళ్లు తెచ్చింది, గ్లాసుతో.

ఆయన వేసుకున్నాడు. రేపు వేసుకుంటాడా అన్నది రేపటి మాట. ఆశా క్యాలెండర్ మీద తారీకులకి సున్నాలు చుట్టింది, వేసుకున్న రోజల్లా కొట్టెయ్యమని. ఉప్పుచేప మానమంటే మానడని తెలుసు, వారానికి ఒకసారికి ఒప్పించింది. పచ్చడి గురించి ఈసారికి ఎత్తలేదు.

సంచి సర్దుకుంటూ టేపు కోసం చూసింది. అది అక్క చేతిలో ఉంది. పోయిన నెల పట్టుకున్నట్టే, ఎవరి నడుముకి చుట్టాలా అని చూస్తున్నట్టు, రెండు చివరలూ రెండు చేతుల్లో.

ఆశా చప్పున ఆగిపోయింది. ఈ ఇంట్లో ఒక్క ఫారమే నింపింది. టేపు పట్టిన మనిషిని కొలవనే లేదు.

"అక్కా, నీకెన్నేళ్లు?"

"నాకెందుకే? నేను బాగానే ఉన్నాను. పొయ్యి మీద కూరుంది."

"కూర దించి రా."

నలభై రెండు. రెండు మార్కులు. టేపు ఈసారి ఆశానే చుట్టింది. ఎనభై ఎనిమిది. ఆడవాళ్లకి ఎనభై దాటితే ఒక మార్కు. పొగాకు లేదు, మందు లేదు. ఇంటెడు చాకిరీ ఉంది, ఒళ్లు అలిసే పనికి సున్నా. మూడు.

"మీ అమ్మగారికిగాని, నాన్నగారికిగాని బీపీ, షుగర్ ఏమైనా..."

"లేవు," అంది అక్క వెంటనే.

ఆశా పెన్ను ఎత్తి పట్టుకుని ఆమె ముఖంలోకి చూసింది.

"మీ నాన్నగారు ఎలా పోయారక్కా?"

అక్క వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూసింది. ఆ తరవాత చెంగుతో చేతులు తుడుచుకుని, నెమ్మదిగా వచ్చి అత్తగారి మంచం పట్టె మీద కూర్చుంది.